చెవికి తగిన నిశ్శబ్దం

కంటికి రెప్ప ఉంది, చెవికి లేదు. చూడకూడదనుకుంటే కన్ను మూసుకోవచ్చు. వినకూడదనుకున్నంత మాత్రాన చెవి మూతపడదు. మనిషి నిద్రించినా అది మేలుకొనే ఉంటుంది. అందువల్లనే రొద మనలను రేయింబవళ్లు వెన్నాడుతూ ఉంటుంది. బస్సు ఇంజను హోరు, జనరేటరు మోత, కూలరు చప్పుడు, వీధిలోని లౌడుస్పీకరు - వీటి నడుమనే నేటి విద్యార్థి చదువుకోవలసి వస్తున్నది. ఈ ఇబ్బందికి ఆధునిక విజ్ఞానం చూపిన ఉపాయాలలో ఒకటి, శబ్దాన్ని అణచే వైర్‌లెస్ ఇయర్‌బడ్స్. అవి ఎట్లా పనిచేస్తాయి, వాటిని ఎట్లా ఎన్నుకోవాలి, ఎక్కడ వాడరాదు అనే అంశాలను పరిశీలిద్దాం.

ముల్లును ముల్లుతోనే తీయాలన్నది మన సామెత. శబ్దాన్ని శబ్దంతోనే అణచడం ఈ పరికరంలోని రహస్యం. ధ్వని గాలిలో తరంగరూపంలో ప్రయాణిస్తుంది. ఆ తరంగం వల్ల గాలి ఒత్తిడి ఒక క్షణం పెరుగుతుంది, మరుక్షణం తగ్గుతుంది. ఒత్తిడి పెరిగే క్షణంలోనే దానిని అంతే మేరకు తగ్గించే మరొక తరంగాన్ని పంపగలిగితే రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. భౌతికశాస్త్రంలో మీరు చదివే వ్యతికరణ సూత్రం ఇదే. ఇయర్‌బడ్ వెలుపలి మైక్రోఫోను బయటి రొదను గ్రహిస్తుంది. లోపలి చిప్ దానికి సరిగ్గా వ్యతిరేకమైన తరంగాన్ని లెక్కగట్టి స్పీకరు ద్వారా చెవిలోకి పంపుతుంది. మేలైన వాటిలో చెవివైపున మరొక మైక్రోఫోను ఉండి, మిగిలిపోయిన రొదను పసిగట్టి లెక్కను సరిదిద్దుతుంది. ఇదంతా రెప్పపాటుకన్న తక్కువ కాలంలో జరిగిపోతుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. పాల్ లూగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1936లోనే దీనికి అమెరికాలో పేటెంటు పొందాడు. అయితే అంత వేగంగా లెక్కించగల సాధనాలు ఆనాడు లేకపోవడంతో అది కాగితం మీదనే మిగిలింది. దానిని చెవిదాకా తెచ్చినవారిలో ముఖ్యుడు అమర్ బోస్. భారత స్వాతంత్ర్యోద్యమంలో పాల్గొని వంగదేశం నుంచి అమెరికా చేరిన ఒక దేశభక్తుని కుమారుడాయన. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడు. 1978లో ఐరోపా నుంచి అమెరికాకు విమానంలో వస్తూ, అక్కడిచ్చిన హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. ఇంజను హోరులో సంగీతం సరిగా వినబడలేదు. ఆ ప్రయాణంలోనే కాగితం తీసి లెక్కలు మొదలుపెట్టాడు. ఆయన సంస్థ 1989లో విమాన చోదకులకు, 2000లో సామాన్య ప్రజలకు ఇట్టి హెడ్‌ఫోన్లను అందించింది. తరువాతి రెండు దశాబ్దాలలో అదే విద్య తీగ లేని చిన్న ఇయర్‌బడ్‌లోకి ఒదిగింది.

ఈ పరికరానికి ఉన్న పరిమితిని గ్రహించనిదే సరైన ఎంపిక సాధ్యం కాదు. గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. సెకనుకు 100 కంపనాలు గల గంభీరమైన హోరుకు తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. సెకనుకు 3,400 కంపనాలు గల కీచుధ్వనికి అది 10 సెంటీమీటర్లు మాత్రమే. పొడవైన తరంగం మీద సరిగ్గా ఎదురు తరంగాన్ని పేర్చడం సులభం. పొట్టి తరంగం విషయంలో ఏ కొంచెం ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. అందువల్ల బస్సు, రైలు, విమానం, కూలరు వంటి ఎడతెగని హోరును ఇయర్‌బడ్స్ బాగా అణచగలవు. పక్కవారి మాటలను, పసిపిల్ల ఏడుపును, హఠాత్తుగా మ్రోగే హారనును అంతగా అణచలేవు. హాస్టలు గదిలో మిత్రుల కబుర్లను మాయం చేస్తాయని ఆశపడి కొన్నవాడికి నిరాశే మిగులుతుంది.

కాబట్టి కొనేముందు ‘నన్ను బాధించే శబ్దం ఏది?’ అని ప్రశ్నించుకోవాలి. రెండవది, చెవికి అమరిక. కీచుధ్వనులను ఆపేది చిప్ కాదు, చెవిరంధ్రాన్ని బిగువుగా మూసే సిలికాన్ తొడుగు. సాధారణంగా మూడు పరిమాణాల తొడుగులు పెట్టెలోనే వస్తాయి. రెండు చెవులకూ ఒకే కొలత సరిపోవాలన్న నియమం లేదు. తొడుగు వదులైతే ఎంత ఖరీదైన పరికరమైనా వ్యర్థమే.

మూడవది, పెట్టెమీది మాటలను జాగ్రత్తగా చదవడం. ‘ఏఎన్‌సీ’ అంటే మీ చెవికి వినబడే రొదను తగ్గించేది. ‘ఈఎన్‌సీ’ అంటే మీరు ఫోనులో మాట్లాడేటప్పుడు అవతలివారికి వినబడే రొదను తగ్గించేది. చౌక పరికరాలు కొన్నింటిపై రెండవది మాత్రమే ఉంటుంది. ఒక్క అక్షరం తేడాను గమనించక మోసపోయేవారు ఎందరో! ఇన్ని డెసిబెళ్లు తగ్గిస్తుందని ముద్రించే అంకె కూడా సాధారణంగా ఒకానొక కంపనస్థాయి వద్ద లభించిన గరిష్ఠ ఫలితమే. అన్ని శబ్దాలకూ వర్తించదు.

నాలుగవది, మన్నిక. శబ్దాన్ని అణచేటప్పుడు బ్యాటరీ త్వరగా తరుగుతుంది కనుక, ఆ స్థితిలో ఎన్ని గంటలు పనిచేస్తుందో విచారించాలి. చాలావాటిలో బ్యాటరీని మార్చడానికి వీలుండదు. కొన్నేళ్లకు అది క్షీణిస్తే పరికరమే పనికిరాకుండా పోతుంది. కాబట్టి వారంటీని, సేవాకేంద్రం అందుబాటును చూసుకోవడం వివేకం. చెమటకు, చిరుజల్లుకు తట్టుకోవాలంటే ‘ఐపీఎక్స్4’ అనే గుర్తు కనీసం ఉండాలి.

ఇక అన్నింటికన్న ముఖ్యమైన విషయం ఆరోగ్యం. లోపలి చెవిలో సూక్ష్మమైన రోమకణాలు ఉంటాయి. ధ్వనిని నాడీసంకేతంగా మార్చి మెదడుకు అందించేవి అవే. మితిమీరిన శబ్దానికి అవి నశిస్తే మళ్లీ పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెళ్ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెళ్లయితే 4 గంటలే. రొదలో పాట వినబడక ధ్వని పెంచుకుంటూ పోయేవాడు తనకు తెలియకుండానే ఆ హద్దు దాటుతాడు. రొద తగ్గితే ధ్వనిని పెంచవలసిన అవసరం తగ్గుతుంది. ఈ పరికరం చేసే నిజమైన ఉపకారం ఇదే. దానిని పెట్టుకుని కూడా ధ్వనిని గరిష్ఠంగా ఉంచేవాడు గొడుగు కొని వానలో తడిసేవాడి వంటివాడు.

అట్లని నిశ్శబ్దం అన్నిచోట్లా హితం కాదు. రోడ్డు దాటేటప్పుడు, వాహనం నడిపేటప్పుడు, రైలు పట్టాల దగ్గర చెవి మనకు కావలివాడు. చెవిని మాత్రమే నమ్మి బాణం విడిచిన దశరథుడు పుత్రశోకానికి గురి అయ్యాడు. చెవిని పూర్తిగా మూసుకొని రోడ్డెక్కేవాడు తనవారికే ఆ శోకాన్ని మిగిల్చవచ్చు. బయటి ధ్వనులను లోనికి పంపే సదుపాయం నేడు చాలా ఇయర్‌బడ్స్‌లో ఉంది. అయినా అట్టి చోట్ల వాటిని తీసి జేబులో వేసుకోవడమే క్షేమం.

పరికరం ఎంత గొప్పదైనా ఏది వినాలో, ఏది వినకూడదో నిర్ణయించవలసినది మనమే. చదువుకునే గంటసేపు ఇంజను హోరును దూరం పెట్టండి. అమ్మ పిలిచిన పిలుపును మాత్రం దూరం పెట్టకండి. అవసరమైనంత నిశ్శబ్దాన్ని, అవసరమైన చోట వాడుకోవడమే ఈ సాధనాన్ని సార్థకం చేసుకోవడం.