ఆరుబయటి అభ్యాసశాల

ఆయుధము లేకయే శత్రువు నెదుర్కొను విద్యలలో జపాను దేశపు జూడో, కరాటేలు లోకప్రసిద్ధములు. ఈ విద్యలు నేర్పు శాలను జపానీయులు 'దోజో' అందురు. మన పల్లెలలోని సాముగరిడీ వంటిదే యది. దోజోలో నేల చదునుగా నుండును. ఎండ సోకదు, వాన తాకదు. అట్టి చోట మాత్రమే సాధన చేసినవాడు ఇసుకలోను, ఈదురుగాలిలోను నిలువగలడా? ఈ ప్రశ్నకు సమాధానమే ఆరుబయటి సాధన.

జపానులో ఋతువుల ననుసరించి జరుగు సాధనలు రెండు కలవు. మొదటిది 'కంగేకో', అనగా చలికాలపు సాధన. జనవరి మాసమున తెల్లవారకమునుపే విద్యార్థులు లేచి అభ్యాసమునకు చేరుదురు. కొందరు మంచులోను, చల్లని సముద్రతీరమునను సాధన చేయుదురు. 1882లో జిగొరో కానో స్థాపించిన కొడోకన్ జూడో విద్యాలయమున, శాలలోపలనే యైనను, ఈ చలికాలపు సాధన నేటికిని జరుగుచున్నది. రెండవది 'గష్షుకు'. కలసి బసచేయుట యని ఆ మాట కర్థము. వేసవిలో విద్యార్థులు గురువుతో కూడ కొండలకో, సముద్రతీరమునకో పోయి కొన్నాళ్లు ఒక్కచోట నివసింతురు. బస ఊడ్చుట మొదలగు పనులను పంచుకొందురు.

ఇచట ప్రకృతియే పాఠము చెప్పును. ఇసుకలో పాదము దిగబడును. దానిని పైకి లాగుటలో పిక్కలు బలపడును. నడుములోతు నీటిలో కాలెత్తి తన్నబోయినచో నీరు అడ్డగించును. శరీరమంతయు కలసి కదలిననే కాలు ముందునకు సాగును. మిట్టపల్లముల నేల తూకము తప్పక నిలుచుట నేర్పును.

ఆధునిక కరాటే పితామహుడని పేరొందిన గిచిన్ ఫునకోషి 1868లో ఓకినావా ద్వీపమున జన్మించెను. పగలు బడిలో ఉపాధ్యాయుడు. రాత్రివేళ గురువు పెరటిలో శిష్యుడు. ఒకమారు తుఫాను వీచుచుండగా ఆయన ఇంటికప్పు నెక్కి, చాప నెత్తిపట్టి గాలి కెదురు నిలిచెనట. గాలి త్రోసివేయగా బురదలో పడి, మరల నెక్కెనట. అట్టి సాహసము మన మనుకరింపదగినది కాదు. గ్రహింపదగినది ఆయన పట్టుదల.

ఏలయన, వివేకము లేని కష్టము ప్రమాదకరము. సాధన నడుమ నీరు త్రాగుట బలహీనత యని జపానులో పూర్వము పెక్కురు తలచిరి. వడదెబ్బకు లోనై ప్రాణములు కోల్పోయిన విద్యార్థులును కలరు. నేడు ఆ భావము మారినది. మధ్యమధ్య నీరు త్రాగవలెను, నీడన విశ్రమింపవలెను. వానలు కురిసిన పిమ్మట జలపాతము క్రింద నిలువరాదు. ప్రవాహముతో రాళ్లును దుంగలును కొట్టుకొని వచ్చును. ఒంటరిగా సముద్రమున దిగరాదు. ఈ నియమములు పిరికితనమునకు గుర్తులు కావు, విద్యలో భాగములే.

గాలిని, సముద్రమును ఓడించిన వీరు డెవడును లేడు. ఆరుబయటి సాధనలో జయింపవలసిన శత్రువు వేరు. తెల్లవారుజామున దుప్పటి తొలగింపనీయని సోమరితనమే ఆ శత్రువు. దానిని జయించుటకు కొండయు నక్కరలేదు, సముద్రమును అక్కరలేదు.