అమ్మమ్మ వంగ విత్తనాలు

అమ్మమ్మ పోయాక ఊళ్లో ఇల్లు సర్దుతుంటే వంటింటి గూట్లో చిన్న పొట్లం దొరికింది. బూడిద కలిపి దాచిన ముళ్ల వంకాయ విత్తనాలు. ఊళ్లో ఇప్పుడందరూ హైబ్రిడ్ నారే కొంటున్నారు, ఆ రకం పెరట్లో ఒక్క మొక్క కూడా లేదు. అమ్మ పారేయబోతుంటే లాక్కుని హైదరాబాద్ తెచ్చేశాను.

బ్యాకప్ లేకుండా ఆఫీసులో ఏ పనీ చేయను. అలాంటిది సగం పైగా విత్తనాలు ఒకేసారి ట్రేలో చల్లేశాను! రెండు వారాలైనా మొలిచినవి నాలుగే. పాతబడితే విత్తనానికి మొలిచే శక్తి తగ్గిపోతుందట. మిగిలినవి రాత్రంతా నానబెట్టి వేస్తే ఇంకో మూడొచ్చాయి. ఐదు వారాలకి కుండీకొకటి చొప్పున నాటాను.

కాపు కోసం చూస్తూ దీని పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. మనం ఎప్పట్నుంచో మనవే అనుకునే మిర్చి, టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. పోర్చుగీసు ఓడలు రాకముందు మన వంటల్లో కారమంటే మిరియాలదే. వంకాయ అలా కాదు, ఈ నేల మీద వేల ఏళ్లుగా ఉంది. ఇక్కడి పేరు పర్షియా, అరబ్బు దేశాల మీదుగా పోర్చుగల్ చేరి, వాళ్లతో పాటు 'బ్రింజాల్'గా మళ్లీ మన సంతకే వచ్చింది.

అంతలో మూడు మొక్కల చివుళ్లు వాలిపోయాయి. విరిచి చూస్తే లోపల పురుగు. మొవ్వునీ కాయనీ తొలిచే ఈ పురుగు కోసమే బీటీ వంకాయ తయారుచేశారు. హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో జనం మాట విన్నాక, 2010 ఫిబ్రవరి 9న అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపేశారు. బంగ్లాదేశ్ మాత్రం 2013లో అనుమతిచ్చింది. నాటు రకాలు కలుషితమవుతాయన్న భయం నాకూ ఉంది. కానీ ఏడు మొక్కలకే నాకింత దిగులైతే, ఎకరాలకి ఎకరాలు వేసినవాళ్లు మందు కొట్టక ఏం చేస్తారు? నేనైతే వాలిన చివుళ్లు తుంచి, కవర్లో కట్టి పారేసి, వేపనూనె చల్లాను. రెండు మొక్కలు చచ్చాయి.

పక్క డాబా మీద హైబ్రిడ్ వంగ ఉంది. తేనెటీగలు ఆ పుప్పొడి తెస్తే మా రకం కలిసిపోతుంది. అందుకే మంచి మొక్క చూసి, రెండు మొగ్గలకి పల్చటి గుడ్డ సంచులు కట్టాను. కాయ దిగాక అమ్మ కన్ను దాని మీదే.

"లేతగా ఉందిరా, గుత్తి వంకాయ చేస్తా."

"వద్దమ్మా, ముదరనీ."

పసుపుపచ్చగా పండాక కోసి, గింజలు కడిగి నీడన ఆరబెట్టాను. ఈసారి రెండు పొట్లాలు కట్టాను. ఒకటి నా ఫ్రిజ్‌లో ఉంది, రెండోది ఊళ్లో పిన్నికి పంపాను.