టాపెట్ల చప్పుడు తగ్గిందని సంబరపడకండి

శనివారం వచ్చిందంటే వాడపల్లి వెంకన్న గుడికి వెళ్లే దారులన్నీ బండ్లతో నిండిపోతాయి. మొక్కు ఏడు శనివారాలు కాబట్టి ఇంట్లో ఉన్నది పాత బండైనా వారం వారం దాన్ని బయటికి తీయాల్సిందే. కొత్త కార్ల మధ్య అక్కడక్కడా ఓ అంబాసిడరో, మారుతీ 800నో, జీపో కనిపిస్తుంది. ఆ రద్దీలో ఆగుతూ కదులుతూ ఫస్టు గేర్లో పోతుంటే ఇంజన్ చప్పుడు చెవిన పడుతుంది, వాల్వుల మీద తలా ఒక మాటా మొదలవుతుంది.

అపోహ: టకటకమంటే వాల్వులు పోయినట్టే, చప్పుడు లేని ఇంజనే మంచిది.

పాత బండ్లకు ఎక్కువ చేటు చేసేది ఈ నమ్మకమే. వేడికి వాల్వు కాడ సాగుతుంది. అందుకే వాల్వును నొక్కే రాకర్‌కీ దానికీ మధ్య సన్నని సందు వదులుతారు. సందు పెరిగితే చప్పుడొస్తుంది, పికప్ కాస్త తగ్గుతుంది, కానీ ముందే తెలుస్తుంది. సందు లేకపోతే మాత్రం వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని ఎక్కువగా దించుకునేది మూసుకున్నప్పుడు, ఆ సీటు ద్వారానే. ఆ దారి మూసుకుపోతే అంచు కాలిపోతుంది, కంప్రెషన్ పోతుంది. సీటు అరిగి వాల్వు లోపలికి దిగేకొద్దీ సందు దానంతటదే తగ్గుతుంది. కాబట్టి ఎవరూ ముట్టుకోకుండానే చప్పుడు తగ్గిందంటే సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూడాల్సిన సమయం వచ్చినట్టు.

1489 సీసీ పెట్రోల్ అంబాసిడర్‌కి ఇది సులువైన పని. ఉన్నవి ఎనిమిది వాల్వులు, లెక్క తొమ్మిది: తెరుచుకున్న వాల్వు అంకె, సరిచేసే వాల్వు అంకె కలిపితే తొమ్మిది రావాలి. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది సరిచేయాలి. సందు ఎంత ఉండాలో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూడాలో వేడి మీద చూడాలో ఆ బండి మాన్యువల్ ప్రకారమే చేయాలి. చెవితో కొలిస్తే కుదరదు.

అపోహ: ఏ ఇంజన్‌కైనా వాల్వులు పైనే ఉంటాయి.

1950ల చివర్లో వచ్చిన తొలి అంబాసిడర్లలో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. వాల్వులు సిలిండర్ల పక్కన, బ్లాకులో ఉండేవి. 1959 నుంచి అవి హెడ్‌లోకి వెళ్లాయి. హరికేన్ ఇంజన్ ఉన్న పాత మహీంద్రా జీపుది మరో తీరు: ఇన్‌లెట్ వాల్వులు హెడ్‌లో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో. పై కవర్ ఒక్కటే విప్పి సరిచేస్తే సగం పనే అయినట్టు, అదీ కాలిపోయే సగాన్ని వదిలేసి.

అపోహ: సీసం లేని పెట్రోల్ పోస్తే పాత వాల్వులు నిలవవు.

మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000లోనే ఆగిపోయింది. మెత్తటి సీట్లున్న ఇంజన్‌ని గంటల తరబడి అధిక వేగంతో, బరువుతో తోలితే సీట్లు అరిగే మాట నిజమే. గుడి దారిలో నిదానంగా తిరిగే బండికి ఆ భయం తక్కువ. సందు అప్పుడప్పుడూ చూస్తుంటే చాలు. హెడ్ ఎప్పుడైనా విప్పితే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించండి.

అపోహ: నీలం పొగ వస్తే బోరు పోయినట్టే.

రాత్రంతా ఆగిన బండి స్టార్ట్ చేయగానే పొగ గుప్పుమని కాసేపటికి తగ్గిపోతే ముందు అనుమానించాల్సింది వాల్వు సీళ్లనూ గైడ్లనూ. కంప్రెషన్ కూడా తగ్గినట్టుంటే కంప్రెషన్ గేజ్ పెట్టి చూడండి. ప్లగ్ రంధ్రంలో కొద్దిగా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె బాగా పెరిగిందా, అరిగింది రింగులో బోరో. పెరగలేదా, ఎక్కువగా వాల్వుల దగ్గరే లీకుంటుంది, ఒక్కోసారి హెడ్ గ్యాస్కెట్ దగ్గర. అప్పుడు హెడ్ ఒక్కటీ విప్పి చూడమనండి, బోరింగ్ ఖర్చుకు వెంటనే ఒప్పుకోకండి.