వ్యూహ క్రీడల నాగరికతా పట్టికలో దక్కను

చదరంగం బల్ల మీది రాజుకు ఊరూ లేదు, వంశమూ లేదు. ఈ దేశంలో చతురంగంగా పుట్టి, ఇరాన్ మీదుగా అరబ్బులను చేరి, షత్రంజ్ అనే పేరుతో స్పెయిన్ దాకా ప్రయాణించిన ఆ ఆటలో రెండు పక్షాల బలగమూ ఒక్కటే, తేడా రంగులోనే. అందుచేత ఏ జాతిని ఆటలో చేర్చాలి, ఏ జాతిని విడిచిపెట్టాలి అనే వివాదం అక్కడ తలెత్తే అవకాశమే లేకపోయింది.

కంప్యూటరు మీద, ఇప్పుడు చేతిలోని ఫోను మీద కూడా ఆడే వ్యూహ క్రీడల సంగతి వేరు. ఆడేవాడు ముందుగా ఒక పట్టిక నుండి ఒక నాగరికతను ఎంచుకోవాలి. ఆ పైన పట్టణం కట్టి, భూమి సాగు చేసి, విద్యలు నేర్చి, సైన్యం కూర్చి, ఇరుగుపొరుగు రాజ్యాలతో సంధి చేయడమో యుద్ధం చేయడమో జరుగుతుంది. ప్రతి నాగరికతకూ ఒక ప్రత్యేక సైనికుడు, ఒక ప్రత్యేక కట్టడం, చాలా ఆటలలో ఒక పాలకుని ముఖం ఉంటాయి. పాఠశాలలో చరిత్ర పుస్తకం తెరవని బాలుడు సైతం ఈ పట్టికను కంఠస్థం చేస్తాడు. పట్టికలో ఉన్నవారే చరిత్ర గలవారని, లేనివారికి చరిత్ర లేదని ఎవరూ చెప్పకుండానే అతడు నేర్చుకుంటాడు. కనుక ఇది పిల్లల వినోదమే గదా అని తోసిపుచ్చదగిన విషయం కాదు.

ఈ కోవలో అత్యంత ప్రసిద్ధమైన ‘సివిలైజేషన్’ 1991లో వెలువడింది. అందులో పద్నాలుగు నాగరికతలు ఉన్నాయి. రోమన్లు, గ్రీకులు, బాబిలోనియన్లు సరే. అమెరికన్లు, రష్యన్లు, జూలూలు కూడా ఉన్నారు. భారతీయులకు గాంధీజీ నాయకుడు. అరబ్బులు లేరు, తురుష్కులు లేరు. 1996 నాటి రెండవ ఆటలో పట్టిక ఇరవై ఒకటికి పెరిగినా అరబ్బులకు చోటు దొరకలేదు. బాగ్దాదు, కార్డోవా, సమర్‌ఖండ్ లేకుండా మానవ నాగరికతా చరిత్ర ఎలా పూర్తవుతుందని ఆ రూపకర్తలను అడగవలసి ఉండినది.

చివరకు 2002లో మూడవ ఆటకు వచ్చిన అనుబంధంలో అరబ్బులు ప్రవేశించారు. అయితే వారికి నాయకునిగా పెట్టినది ఎవరినో కాదు, హజ్రత్ అబూబక్ర్ (రజి) గారిని! ప్రథమ ఖలీఫాకు ఒక ముఖం కల్పించి, ఆడేవానితో బేరాలాడే పాత్రగా తెర మీద నిలబెట్టారు. ముస్లిములు ఆయన రూపాన్ని చిత్రించరనే సాధారణ విషయం ఆ రూపకర్తల దృష్టికి వచ్చినట్లు లేదు. తరువాతి ఆటలలో సలాహుద్దీన్ అయ్యూబీ, హారూన్ రషీద్, మళ్లీ సలాహుద్దీన్ ఆ స్థానంలోకి వచ్చారు. పట్టికలో పేరు లేకపోవడం ఒక లోపమైతే, తెలియనివారి చేత చేర్చబడడం మరొక లోపమని దీనిని బట్టి గ్రహించవచ్చు.

ఇతరులకు కూడా ఈ అనుభవం ఉన్నది. 2013లో వచ్చిన ఒక అనుబంధంలో ఉత్తర అమెరికాకు చెందిన ప్యూబ్లో జాతిని చేర్చాలని అనుకోగా ఆ జాతి పెద్దలు సమ్మతించలేదు. వారి స్థానంలో షొషోనీలను తీసుకున్నారు. 2018లో కెనడాకు చెందిన క్రీ జాతిని చేర్చినప్పుడు ఆ జాతి పెద్ద ఒకరు బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. ఇతరుల భూమిని ఆక్రమించాలనే కోరిక తమ పూర్వీకులకు కూడా ఉండేదని ఈ ఆట సూచిస్తున్నదని ఆయన బాధ. ఇది ఆలోచించదగిన మాట. ఆటలో చేరడమంటే ఆట నియమాలకు తల ఒగ్గడమే.

ఇంతకూ నాగరికత అంటే ఏమిటి? తెలుగు మాట నగరం నుండి వచ్చింది. అరబ్బీలోని ‘తమద్దున్’ కూడా అలాంటిదే, దాని మూలం మదీనా, అనగా పట్టణం. ‘తహ్‌జీబ్’ అనే మాటలో చెట్టు కొమ్మలను కత్తిరించి తీర్చిదిద్దడమనే అర్థం దాగి ఉన్నది. అయితే ఇబ్నె ఖల్దూన్ 1377లో తన ముఖద్దిమా రచించినప్పుడు వాడిన మాట ‘ఉమ్రాన్’. మనుషులు ఒక చోట నివసించి, దున్ని, కట్టి, పరస్పర సహకారంతో బ్రతకడమని దాని భావం. ‘దౌలత్’, అనగా రాజవంశాధికారం, వేరు. రాజవంశానికి ఆయుర్దాయం దాదాపు మూడు తరాలని, అంటే సుమారు నూట ఇరవై ఏళ్ళని ఆయన లెక్క కట్టారు. వంశం పోయినా ఉమ్రాన్ నిలవవచ్చు. వ్యూహ క్రీడలు చేసే ప్రధానమైన పొరపాటు ఈ రెంటినీ కలిపివేయడమే: దౌలత్‌ను చూపించి దానికి నాగరికత అని పేరు పెడతాయి.

ఈ పొరపాటు తెలుగు ముస్లిములకు ఎలా తగులుతుందో చూడడానికి ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ రెండవ ఆట మంచి ఉదాహరణ. 2013 నుండి అందులో ‘భారతీయులు’ అనే ఒకే నాగరికత ఉండేది. ఇంత పెద్ద ఉపఖండాన్ని ఒకే మూసలో పోయడం తగదనే విమర్శ న్యాయమైనదే. 2022 ఏప్రిల్‌లో దానిని విభజించి హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రవిడులు అనే నలుగురిని ఏర్పరచారు. హిందుస్తానీల కథకు నాయకుడు బాబర్, ద్రవిడుల కథకు రాజేంద్ర చోళుడు. పైకి చక్కగా ఉన్నది. కాని ఈ విభజనలో ఒక ఊహ ఇమిడి ఉన్నది: ముస్లిము అయితే ఉత్తరాది వాడు, దక్షిణాది వాడైతే ముస్లిము కాడు. మరి ఆత్మకూరులోనో గద్వాలలోనో పుట్టి, ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడే బాలుడు ఈ నాలుగు పేర్లలో దేనిని ఎంచుకోవాలి? విచిత్రమేమంటే ద్రవిడులకు ఇచ్చిన ప్రత్యేక విద్యలలో ఒకటి ‘ఊట్జ్’ ఉక్కు. ఆ ఉక్కు తయారీకి పేరుపొందిన చోట్లలో నిజామాబాదు ప్రాంతపు కోన సముద్రం ఒకటి. దానికి గిరాకీ ఇరాన్ దాకా ఉండేది. తెలుగు కొలిమిలో కరిగి, ముస్లిము దేశాలలో కత్తిగా మారిన ఆ లోహం ఏ ఒక్క నాగరికత పేటికలోనూ ఇమడదు.

మనుషులు కూడా ఇమడరు. కాకతీయ ప్రతాపరుద్రుని కొలువులో ఒక సేనాని ఉండేవాడు. మారన కవి తన మార్కండేయ పురాణాన్ని అంకితమిచ్చిన గన్నయ సేనాని ఇతడేనని చరిత్రకారులు భావిస్తారు. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యాల వశమైనప్పుడు ఇతడు బందీగా చిక్కి, ఇస్లాం స్వీకరించి, మఖ్బూల్ అనే పేరు పొందాడు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఎదిగాడు. ఫిరోజ్ షా కాలంలో ఖానె జహాన్ బిరుదుతో ఏకంగా సల్తనతుకు వజీరు అయ్యాడు. సుల్తాను దీర్ఘకాలం దండయాత్రలలో ఉన్నప్పుడు రాజధానిని కాపాడినది ఈ తెలుగువాడే. అతడు చదువుకున్నవాడు కాకపోయినా మహా బుద్ధిశాలి అని నాటి ఫార్సీ చరిత్రకారుడు అఫీఫ్ వ్రాశాడు. తిలంగానీ అనే ఊరి పేరు అతనిని చివరిదాకా విడువలేదు. ఢిల్లీలోని నిజాముద్దీన్ ప్రాంతంలో ఉన్న అతని ఎనిమిది పలకల సమాధిని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఒక పురాణానికి కృతిభర్త, ఒక సల్తనతుకు వజీరు, ఒకే మనిషి! అతడు హిందుస్తానీయా, ద్రవిడుడా? ఆట అతనిని చెరిసగం చేస్తుంది. చరిత్ర చేయలేదు.

ఓరుగల్లు పతనంలో జరిగిన విధ్వంసాన్ని దాచవలసిన అవసరం లేదు. దక్కను చరిత్రలో రక్తం తక్కువేమీ కాదు. ఆత్మకూరుకు దక్షిణాన కృష్ణ దాటితే గద్వాల సీమ; కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నందున దానిని నడిగడ్డ అంటారు. ఈ అంతర్వేది కొరకు బహమనీలు, విజయనగర రాయలు తరాల తరబడి పోరాడారు. బహమనీల తరువాత బీజాపూరు ఆ పోరు కొనసాగించింది. 1520లో రాయచూరు దగ్గర కృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్ షాను ఓడించాడు. ఈ యుద్ధాలను రెండు మతాల పోరుగా చూపించడం ఆట తయారుచేసేవారికి ఎంతో సులభం. అయితే రెండవ దేవరాయలు తన సైన్యంలో ముస్లిము విలుకాండ్రను చేర్చుకున్నాడని, వారి కొరకు సింహాసనం ఎదుట ఖురానును ఉంచాడని ఫరిష్తా చెబుతాడు. సాక్షాత్తు విజయనగర పాలకులే ‘హిందూరాయ సురత్రాణ’ అనే బిరుదు ధరించారు. సురత్రాణుడంటే సుల్తాను. అంతకంటే విశేషం ఇబ్రహీం కుతుబ్ షాది. అన్నగారి భయంతో గోలకొండ విడిచి 1543 నుండి ఏడేళ్ళు విజయనగరంలో అళియ రామరాయల ఆశ్రయంలో గడిపాడు. 1550లో గద్దెనెక్కి తెలుగు కవులను ఆదరించాడు. వారు అతనిని మల్కిభరాముడని పిలిచారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని అతనికి అంకితమిచ్చాడు. అతని కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నగంటి తెలగన యయాతి చరిత్రను అంకితం చేశాడు. సంస్కృత పదం తగలకుండా అచ్చ తెనుగులో వ్రాసిన కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిము సర్దారు! అదే ఇబ్రహీం 1565లో తనకు ఆశ్రయమిచ్చిన రామరాయలపై తక్కిన సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లాడు. ఈ వైరుధ్యాన్ని విప్పకుండా దక్కను అర్థం కాదు.

అలాగని ‘ఇస్లామీయ నాగరికత’ అనే ఒకే పేరును పట్టికలో చేర్చమని కోరడం సరైన పరిష్కారం కాదు. మరాకో నుండి మలయా వరకు ఉన్నవారిని ఒక గుడారంలో నింపితే, భారతమంతా ఒకటే అన్నవారి పొరపాటునే తిరిగి చేసినట్లవుతుంది. అమెరికా చరిత్రకారుడు మార్షల్ హాడ్జ్‌సన్ మరణానంతరం 1974లో వెలువడిన గ్రంథంలో ‘ఇస్లామికేట్’ అనే కొత్త మాట ఉన్నది. మతం వేరు, ముస్లిముల ఏలుబడిలో ముస్లిములూ ఇతరులూ కలిసి పెంచిన సంస్కృతి వేరు అని చెప్పడానికి ఆయన దానిని సృష్టించాడు. దానికి తెలుగులో సరైన మాట ఇంతవరకు కుదరలేదు. ‘ఇస్లామీయ’ అంటే అసలు భేదమే చెరిగిపోతుంది. గోలకొండ మాత్రం ఆ మాటకు చక్కని నిదర్శనం.

కనుక పట్టికలో చేర్చదగినది దక్కను. గోలకొండ ఒక్కటే కాదు, విజయనగరం ఒక్కటే కాదు. దానికి ప్రత్యేక కట్టడం ఏది అంటే, కోట అనే జవాబు తొందరపాటు. చెరువు అనాలి. పాకాల, రామప్ప చెరువులను కాకతీయులు కట్టించారు. హుసేన్ సాగర్ ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో నిర్మించబడింది. వంశం మారినా, మతం మారినా చెరువు కట్టే విద్య మారలేదు. ఇబ్నె ఖల్దూన్ ఉమ్రాన్ అన్నది దీనినే. ప్రత్యేక విద్యగా, ఫార్సీలోనూ తెలుగులోనూ ఫర్మానాలు వెలువరించిన గోలకొండ కచేరీని చూపవచ్చు. ప్రత్యేక ఓడరేవు మచిలీపట్నం. ఇలాంటివి ఆటలో ఇమిడించడం కష్టమనే వాదన నిలవదు. 2021లో వచ్చిన ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ నాల్గవ ఆటలో ఢిల్లీ సల్తనతుకు విద్యలు డబ్బు లేకుండానే లభిస్తాయి, కాని ఆలస్యంగా. మసీదులో పండితులను నియమిస్తే ఆ జాప్యం తగ్గుతుంది. కత్తి కంటే మదరసాకు విలువ ఇచ్చిన ఆ ఏర్పాటు చేసినవారు చెరువుకు కూడా విలువ కట్టగలరు.

‘సివిలైజేషన్’ ఏడవ ఆట 2025 ఫిబ్రవరిలో వచ్చింది. యుగం మారినప్పుడు ఆడేవాడు నాగరికతను కూడా మార్చుకోవాలనే నియమం విడుదల నాటికి అందులో ఉండేది. పాలకుడు రాజే కానక్కర లేదు. యాత్రికుడు ఇబ్నె బతూతా సైతం నాయకుడుగా ఉన్నాడు. భారతం నుండి మౌర్యులు, చోళులు, మొగలులు చేర్చబడ్డారు. మనిషి ఒక పేరు విడిచి మరొక పేరు ధరించినా అతడే కొనసాగుతాడనే ఈ పద్ధతి మఖ్బూల్ వంటివారికి ఎంత బాగా సరిపోతుంది! దక్కను మాత్రం అందులో ఇంకా లేదు. అందుకు భిన్నంగా 1444 నుండి మొదలయ్యే ‘యూరోపా యూనివర్సాలిస్’ నాల్గవ ఆట (2013) పటంలో బహమనీలు, విజయనగరం ఎదురెదురుగా కనిపిస్తారు; గోలకొండకూ అందులో స్థానమున్నది. కాని అక్కడ అవి గెలవవలసిన రంగు ముక్కలే, వాటి లోపల కవి లేడు, చెరువు లేదు.

మరి ఆత్మకూరు? అది అమరచింత సంస్థానానికి కేంద్రం. పాలమూరు సీమలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాలుపేట సంస్థానాలు దాని ఇరుగుపొరుగులు. హిందూ ప్రభువులు నిజాముకు పేష్కష్ చెల్లిస్తూ తమ సీమను తాము ఏలుకున్నారు. వనపర్తి రాజా పోషించిన హబ్షీ ఆశ్విక దళం తరువాత నిజాము సైన్యంలో చేరింది, హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేటకు ఆ పేరు వారి వలన వచ్చినదే. తెలుగు రాజు, ఆఫ్రికా రౌతు, ముస్లిము ప్రభువు, ఈ ముగ్గురినీ కలిపిన వ్యవస్థకు సామ్రాజ్యమనే పేరు నప్పదు. అమరచింతను ప్రత్యేక నాగరికతగా చేర్చమని ఎవరూ కోరరు, కోరనక్కర లేదు. అయితే 2010లో వచ్చిన ‘సివిలైజేషన్’ అయిదవ ఆట నుండి ‘నగర రాజ్యాలు’ అనే చిన్న పాలనలు కూడా ఉంటున్నాయి. అవి లోకాన్ని జయించే పోటీలో లేవు. పెద్ద రాజ్యాలు వాటితో స్నేహం చేసి, కానుకలిచ్చి, సహాయం పొందుతాయి. దక్కనుకు పట్టికలో చోటు దొరికిన నాడు, కృష్ణ ఒడ్డున ఆత్మకూరు పేరుతో అలాంటి ఒక చిన్న గుర్తు పెట్టడానికి తగినంత ఆధారం చరిత్రలో ఉన్నది.