కాలేయపు మార్పిడి - దేహ రక్షణశక్తి

కాలేయమున కాన్సరు పుట్టినవారిలో కొందరికి, చెడిన కాలేయమును తీసివేసి వేరొకరి కాలేయమును అమర్చుట మేలైన చికిత్స. మానవునికి ఈ శస్త్రచికిత్సను మొదటిసారిగా 1963లో అమెరికాలో డాక్టర్ థామస్ స్టార్జల్ చేసిరి. ఇది ఎవరికి మేలుచేయునో తెలియుటకు 1996లో ఇటలీ దేశపు మిలాన్ నగర వైద్యులు ఒక కొలత నేర్పరచిరి. గడ్డ ఒక్కటే యైనచో 5 సెంటీమీటర్లకు, రెండు మూడైనచో ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లకు మించరాదు. వ్యాధి రక్తనాళములలోనికి ప్రాకియుండరాదు.

రక్తములోని తెల్లకణములు దేహమునకు కావలివారు. అమర్చిన కాలేయము వాటికి పరాయిదే. కావున అవి దానిపై పడకుండ టాక్రోలిమస్ వంటి మందులతో వాటిని అణచియుంచవలెను. ఈ మందులను సాధారణముగ జీవితాంతము వాడవలసియుండును. అయితే కావలి మందగించినపుడు, ఎచ్చటనో దాగిన కాన్సరు కణములు మరల తలయెత్తవచ్చును.

తెల్లకణములు హద్దు మీరకుండ ప్రకృతియే వాటికి పిడి-1 అను పగ్గమును అమర్చినది. కాన్సరు కణము పిడి-ఎల్1 అను పదార్థముతో ఈ పగ్గమును బిగించి, తెల్లకణమును నిలిపివేయును. ఆ పగ్గమును వదలించు సూదిమందులు నేడు వాడుకలో నున్నవి. ఇట్టి చికిత్సకు దారిచూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజో అను శాస్త్రజ్ఞులకు 2018లో నోబెల్ బహుమానము లభించినది.

చిక్కు ఇచ్చటనే యున్నది. పగ్గము వదలిన తెల్లకణములు కాన్సరుతో ఆగక, అమర్చిన కాలేయముపైనను పడవచ్చును. అట్లు కాలేయము చెడి రోగులు మరణించిన సందర్భములు కలవు. అందుచేత కొందరు వైద్యులు ముందుగా ఆ కాలేయమునుండి చిన్న ముక్క తీసి, అందు పిడి-ఎల్1 కలదేమో పరీక్షింతురు. కనిపించినచో, ఆ కాలేయము పగ్గపు అండతోనే నిలిచియున్నదేమో యని జాగ్రత్తపడుదురు. కాని ఈ గుర్తు ఒక్కటే తీర్పు చెప్పజాలదు. అది లేనంతమాత్రమున ప్రమాదము తొలగినదని తలపరాదు.

పంచాయతీ సభ్యులు ఈ సంగతులను గ్రామస్థులకు తెలుపవలెను. కాలేయపు మార్పిడి పొందినవారు, ఒంట్లో బాగున్నదని మందులు మానరాదు. పసరు మందులను వైద్యుని అడుగక మ్రింగరాదు. కాన్సరు తిరిగివచ్చి కొత్త సూదిమందు ప్రస్తావన వచ్చినపుడు, తమకు మార్పిడి జరిగినదని ముందే చెప్పి, మార్పిడి చేసిన వైద్యుల సలహా పొందవలెను.

కాలేయపు కాన్సరునకు ముఖ్య కారణములలో హెపటైటిస్-బి యొకటి. పుట్టిన 24 గంటలలో ప్రతి శిశువునకు దాని టీకా వేయించుట, రాబోవు తరమును ఈ కష్టమునుండి కాపాడు సులభమార్గము.