వారానికి అయిదు గంటలే ఉంటే ఏ ఆట?

రూన్‌స్కేప్ ఆడేవాళ్ళలో చాలామందికి కంఠతా వచ్చే అంకె ఒకటుంది: 1,30,34,431. ఆ ఆటలో చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, వంట, కమ్మరిపని లాంటి ఏ విద్యలోనైనా 99వ లెవెల్ అందుకోవడానికి కూడబెట్టాల్సిన పాయింట్లు అవి. తమాషా ఏమిటంటే, 92వ లెవెల్ చేరేసరికి ఖాతాలో ఉండేది 65,17,253 మాత్రమే. ఇక ఏడు మెట్లే కదా అని గుండెల నిండా ఊపిరి పీల్చుకునే చోటికి సగం దారే అయిందన్నమాట.

పాయింట్లు వచ్చే వేగం విద్యను బట్టి, ఆడే పద్ధతిని బట్టి మారుతుంది. లెక్క కోసం గంటకి 50,000 అనుకుందాం. 99 చేరడానికి 260 గంటలు కావాలి. వారానికి అయిదు గంటలు మాత్రమే కుదిరే మనిషికి అది 52 వారాలు. ఈ ఉగాదికి గొడ్డలి పట్టినవాడు వచ్చే ఉగాదికి చెట్లు కొట్టడంలో ఆరితేరతాడు. ఆటలో అలాంటి విద్యలు 20కి పైనే ఉన్నాయి.

వేలమంది ఒకే లోకంలో, ఒకేసారి, ఎవరి పాత్ర వాళ్ళు పెంచుకుంటూ ఆడే ఆటలివి. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో అక్షరాలతోనే నడిచిన ‘మడ్’ వీటికి ముత్తాత. 1997లో అల్టిమా ఆన్‌లైన్, 1999లో ఎవర్‌క్వెస్ట్, 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చాయి. ఈ చివరిదానికి 2010లో 1.2 కోట్లమంది చందాదారులుండేవారు. మామూలు వీడియోగేమ్‌కీ వీటికీ పెద్ద తేడా బొమ్మల్లో లేదు. వీటికి పాజ్ బటన్ ఉండదు. గ్యాస్ సిలిండర్ వచ్చిందని తలుపు తీయడానికి వెళ్తే మీ పాత్ర అడవి మధ్యలో అలాగే నిలబడి ఉంటుంది, తోడేలు తన పని తాను చేసుకుపోతుంది.

ఎంతసేపు ఆడతారు? ఈ ఆటల కొత్తలో నిక్ యీ అనే పరిశోధకుడు కొన్నేళ్ళపాటు దాదాపు 30,000 మందిని ఆన్‌లైన్‌లో ప్రశ్నలడిగాడు. సగటున వారానికి 22.72 గంటలని తేలింది. వాళ్ళ సగటు వయసు 26 దాటింది, కాబట్టి బడి ఎగ్గొట్టే పిల్లల సంగతి కాదిది. వారంలో ఉన్నది 168 గంటలు. నిద్రకి 56, ఉద్యోగానికీ ప్రయాణానికీ కలిపి 55 తీసేస్తే మిగిలేది 57. స్నానం, భోజనం, కూరగాయలు, పిల్లల హోంవర్కు, ఫోన్ చేసి చాలా రోజులైన మేనత్త, అన్నీ అందులోనే సర్దుకోవాలి. అందులోంచి 22 గంటలు తీయడమంటే అయిదింట రెండొంతులు ఆటకి రాసిచ్చినట్టే. పెళ్ళయి, ఈఎంఐలు కట్టుకుంటున్నవాళ్ళకి అయిదు గంటలు మిగిలితే గొప్ప.

ఆ అయిదు గంటల మనిషి ఆటని ఎంచుకునేటప్పుడు బొమ్మలు ఎంత బాగున్నాయని అడగడం దండగ. నేను లేనప్పుడు ఈ ఆట నన్నేం చేస్తుంది అని అడగాలి.

దీనికి వార్‌క్రాఫ్ట్ తయారీలో జరిగిన ఒక సంగతి చూడండి. మరీ ఎక్కువసేపు ఆడేవాళ్ళని కాస్త ఆపాలని, కొంతసేపయ్యాక వచ్చే పాయింట్లని సగానికి తగ్గించే ఏర్పాటు చేశారు. పరీక్షించిన ఆటగాళ్ళు భగ్గుమన్నారు. తయారీదారులు అంకెలు మార్చలేదు, పేర్లు మార్చారు. మామూలు అన్నదాన్ని విశ్రాంతి బోనస్ కింద 200 శాతం అన్నారు, సగం అన్నదాన్ని మామూలు 100 శాతం అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ధర పెంచి, ఆ పెంచినదాన్నే తగ్గింపు అని బోర్డు పెట్టే ఆషాఢం సేల్ గుర్తొస్తే నా తప్పు కాదు. కానీ ఫలితం మనలాంటివాళ్ళకి మంచిదే అయింది. ఆటలోని సత్రంలో పాత్రని పడుకోబెట్టి కంప్యూటర్ ఆపేస్తే, ప్రతి 8 గంటలకీ ఒక లెవెల్‌లో 5 శాతం మేర బోనస్ జమవుతుంది. పది రోజులకి గరిష్ఠంగా లెవెలున్నర. అడవిలో ఆపేసి వెళ్ళిపోతే అందులో నాలుగో వంతే. లేచేముందు సత్రం దాకా నడవడానికి పట్టే రెండు నిమిషాలు అందుకే విలువైనవి.

అయితే అదే ఆట పైమెట్టుకి వెళ్ళాక స్వభావం మారుస్తుంది. కొత్త సీజన్ వచ్చినప్పుడల్లా నిన్న చెమటోడ్చి సంపాదించిన కత్తి ఇవాళ పాతసామాను కొట్టుకే పనికొస్తుంది. లెవెళ్ళకీ ద్రవ్యోల్బణం తప్పలేదు. గరిష్ఠ లెవెల్ 60తో మొదలై 2018కి 120 అయింది, 2020లో అన్నీ కుదించి 120లో ఉన్నవాళ్ళని 50కి దించారు.

గిల్డ్ వార్స్ 2 దీనికి పూర్తిగా ఎదురు. 2012లో వచ్చినప్పుడు గరిష్ఠ లెవెల్ 80, ఇప్పటికీ 80. ఆ ఏడాది నవంబరులో ప్రవేశపెట్టిన అసెండెడ్ శ్రేణి కంటే బలమైన సామగ్రి తర్వాత రాలేదు. అటక మీద ఇత్తడి బిందెలా మూడేళ్ళ తర్వాత దించినా విలువ తగ్గదు. నెలచందా లేదు, 2015 నుంచి మొదటి భాగం ఉచితం.

ఫైనల్ ఫాంటసీ 14 సంగతి మధ్యరకం. దాన్ని నిలబెట్టిన నవోకి యోషిదా, ఆట విసుగనిపిస్తే మానేసి వేరే ఆటలు ఆడుకుని, కొత్త భాగం వచ్చినప్పుడు తిరిగి రండని బహిరంగంగానే చెబుతూ వచ్చాడు. వ్యాపారం చేసేవాడి నోట వినే మాట కాదది. కానీ ఆ లోకంలో మీరు ఇల్లు కొనుక్కున్నారో, 45 రోజులు గడప తొక్కకపోతే కూల్చేస్తారు. కాబట్టి వచ్చీపోయేవాళ్ళు ఇల్లు కొనకపోవడమే మేలు.

ఈవ్ ఆన్‌లైన్‌లో ఇంకో వింత. 2003లో మొదలైన ఈ అంతరిక్ష నౌకల ఆటలో విద్యలు అసలు గడియారంతోనే పెరుగుతాయి. వరుసలో పెట్టి వదిలేస్తే మీరు ఆఫీసులో ఉన్నా, నిద్రలో ఉన్నా పాఠం నడుస్తూనే ఉంటుంది. వినడానికి అయిదు గంటల మనిషి కోసమే చేసినట్టుంటుంది. అక్కడే మోసపోతాం. పాఠాలు ఆగవు నిజమే, గొడవలూ ఆగవు. 2014 జనవరి 27న ఒక కూటమి తన స్థావరానికి కట్టాల్సిన అద్దె కట్టలేదు. ఆ నక్షత్ర మండలం మీద హక్కు పోయింది, శత్రువులు దిగారు. దాదాపు 21 గంటల యుద్ధంలో టైటాన్లనే అతిపెద్ద నౌకలు 75 కూలాయి. మొత్తం నష్టాన్ని అసలు డబ్బులోకి మార్చి చూస్తే సుమారు 3 లక్షల డాలర్లని లెక్కకట్టారు. అంతమంది ఒకేచోట చేరితే సర్వర్ కూలకుండా ఆ ప్రాంతంలో కాలాన్నే పదోవంతుకి తగ్గిస్తారు. మీ గోడ గడియారంలో గంట గడిస్తే యుద్ధంలో ఆరు నిమిషాలే గడుస్తాయి. కరెంటు బిల్లు మర్చిపోతే ఫీజు పీకేస్తారు, ఇక్కడ సామ్రాజ్యమే పోయింది.

డబ్బు సంగతికొస్తే, వార్‌క్రాఫ్ట్‌కి అమెరికాలో నెలచందా 2004 నుంచీ 14.99 డాలర్లే. డాలరు 90 రూపాయలనుకుంటే 1,350. వారానికి అయిదు గంటలు, అంటే నెలకి 22 గంటలలోపు ఆడేవాడికి గంట సుమారు 62 రూపాయలు పడుతుంది. నిక్ యీ లెక్కలోని సగటు మనిషికి 14 రూపాయలే. ఇక్కడొక మెలిక ఉంది. కట్టిన డబ్బు వృథా కాకూడదని కూర్చునేకొద్దీ గంట రేటు తగ్గుతుంది, పొదుపు చేస్తున్నామన్న భ్రమ పెరుగుతుంది. బఫేలో ప్లేటు మీద ప్లేటు పెట్టుకునే మన తీరే ఇది. అయిదు గంటలవాళ్ళు చందా లేని ఆటకే వెళ్ళాలని నేననడానికి కారణం డబ్బు కాదు, ఈ తాపత్రయం.

జట్టుగా ఆడేచోట మరో లెక్క. ఫైనల్ ఫాంటసీ 14లో మామూలు డంజన్‌కి, అంటే జట్టుగా దిగే నేలమాళిగకి, నలుగురు: దెబ్బలు కాచే టాంక్ ఒకరు, గాయాలు మాన్పే హీలర్ ఒకరు, కొట్టేవాళ్ళు ఇద్దరు. కొట్టడానికి ఊరంతా సిద్ధం, కాయడానికే మనుషులుండరు. రాత్రి తొమ్మిదిన్నరకి అన్నం తిని కూర్చున్నారనుకోండి. కత్తి పట్టుకుని వరుసలో నిలబడ్డవాడు ఎదురుచూస్తూనే ఉంటాడు, డాలు పట్టినవాడు తరచూ వెంటనే లోపలికి పోతాడు. సమయం లేనివాళ్ళు టాంక్ నేర్చుకోవాలి, అంతే. మధ్యలో లేచి వెళ్ళిపోతే 30 నిమిషాలపాటు మళ్ళీ వరుసలోకి రానివ్వరు. పాపాయి ఏడుస్తుందేమోనన్న అనుమానం ఉన్న రాత్రి డంజన్ జోలికి వెళ్ళకండి, చేపలు పట్టుకోండి.

ఇక రైడ్, అంటే పెద్ద జట్టు కట్టి చేసే దాడి. 2004 నాటి వార్‌క్రాఫ్ట్ పెద్ద రైడ్లకి 40 మంది, ఇప్పుడు అన్నిటికంటే కఠినమైన మిథిక్ రైడ్‌కి 20 మంది ఒకే వేళకి రావాలి. మనవాళ్ళకి అసలు చిక్కు ఇక్కడే. యూరప్ గిల్డ్ (ఆటగాళ్ళ సంఘం) రాత్రి 8 నుంచి 11 దాకా ఆడితే మనకి వేసవిలో 11.30 నుంచి 2.30, చలికాలంలో 12.30 నుంచి 3.30. మర్నాడు ఆఫీసులో ఆవలింతలే. డల్లాస్‌లో ఉన్న అన్నయ్య శనివారం రాత్రి 8కి మొదలుపెడితే కూకట్‌పల్లిలో తమ్ముడికి ఆదివారం ఉదయం 6.30. ఇది నిక్షేపంగా కుదిరే వేళ, స్నానం చెయ్యకుండా ఆ కంప్యూటరేంట్రా అని అమ్మ అనేదాకా. నవంబరు మొదటి ఆదివారం అమెరికా గడియారాలు వెనక్కి తిరుగుతాయి కాబట్టి అప్పట్నుంచి 7.30 అవుతుంది. సింగపూర్‌వాళ్ళ రాత్రి 8 మనకి సాయంత్రం 5.30. సరిగ్గా హైటెక్ సిటీ ఫ్లైఓవర్ మీద ఇరుక్కునే సమయం.

దూరం కూడా సమయమే. ఫైబర్‌లో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి సింగపూర్ 3,300 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్ట్ 7,100, లాస్ ఏంజెలిస్ 14,000. తిన్నగా తీగ లాగినా మీరు నొక్కిన మీట అక్కడికి వెళ్ళి జవాబు తేవడానికి 33, 71, 140 మిల్లీసెకన్లు పడతాయి, సముద్రపు కేబుళ్ళు వంకర తిరుగుతాయి కాబట్టి నిజంగా ఇంకా ఎక్కువే. ఏ వైఫై ప్లాన్ కొన్నా ఇది తగ్గదు. ఆల్బియన్ ఆన్‌లైన్ 2023లో సింగపూర్‌లో సర్వర్ పెట్టింది, ఫోన్‌లోనూ ఆడొచ్చు. కాకపోతే అందులో ప్రమాదకరమైన ప్రాంతాల్లో చస్తే ఒంటి మీది సామాన్లన్నీ పోయినట్టే. బస్సులో కూర్చుని ఆడేవాళ్ళు సిగ్నల్ పోయే చోటు చూసుకోవాలి.

నా ఓటు అడిగితే, ఒంటరిగా అయిదు గంటలు ఆడేవాళ్ళకి గిల్డ్ వార్స్ 2. ఫోన్‌లో, చిల్లర నిమిషాల్లో ఆడేవాళ్ళకి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్, 2018 నుంచి ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే ఖాతా నడుస్తుంది. వారంలో రెండు రాత్రులు మూడేసి గంటలు ఇంట్లోవాళ్ళ ఒప్పుదలతో ఖాయంగా దొరికేవాళ్ళు వార్‌క్రాఫ్ట్ గిల్డ్‌లో చేరొచ్చు, దొరక్కపోతే మిగతా 19 మంది రాత్రి పాడుచేయకండి. కథ కావాలనుకునేవాళ్ళు ఫైనల్ ఫాంటసీ 14 ఉచిత ట్రయల్ తీసుకోండి. 70వ లెవెల్ దాకా గడువు లేదు, వందల గంటల ఆట. గిల్డ్‌లో చేరలేరు, బజారులో అమ్ముకోలేరు, డబ్బు 3 లక్షల గిల్ దాటదు, కథకి మాత్రం ఏ లోటూ లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఆ ఖాతాకి ఒకసారి డబ్బు కట్టారంటే మళ్ళీ ట్రయల్‌కి మార్చరు. 70 చేరేదాకా కార్డు బీరువాలోనే ఉంచండి.