పాతయింటిని బాగుచేయుటయా, వేఱొకటి కొనుటయా?

కోతలు ముగిసి చేతికి రొక్కము వచ్చిన దినములలో రైతు సోదరులు కొందరు మమ్మడుగు ప్రశ్న పంటనుగూర్చినది కాదు, ఇంటినిగూర్చినది. తాతలనాటి మండువాయిల్లు కారుచున్నది. పొరుగువీధిలో డాబాయిల్లు అమ్మకమునకు వచ్చినది. ఉన్నదానిని బాగుచేయింతుమా, అరయెకర మమ్మి దానిని కొందుమా యని వారి విచారము. భూమి యమ్ముట యను మాట అందులో నున్నది గనుక, ఇది మా పని కాదని మేము త్రోసివేయజాలము.

మొదట తెలియవలసినది రోగ మెచట నున్నదని. పైకప్పున నున్నచో భయము లేదు. పెంకులు దింపి తిరుగ నేయుట, పుచ్చిన వాసములు మార్చుట గ్రామపు వడ్రంగి చేయగల పనియే. దూలములు టేకువైనను, గోడలో దూరిన కొనలను తప్పక చూడవలెను. చెమ్మయు చెదలును అచటనే పట్టును. బాడిసె మడమతో కొట్టిన బోలుధ్వని వచ్చినను, మేకు చేతితో నెట్టినంతనే దిగినను ఆ దూలమును నమ్మరాదు.

నల్లరేగడిలోని యిండ్లసంగతి వేఱు. ఆ మన్ను వానకు ఉబ్బి ఎండకు ముడుచుకొనునని చేలో నెఱ్ఱెలు చూచిన ప్రతిరైతునకు తెలియును. అదే మన్ను తన గోడక్రింద నున్నదని తలచువా రరుదు. గోడబీటకు అడ్డముగా రెండుచోట్ల సిమెంటుముద్ద మెత్తి, ప్రక్కనే తేదీ వ్రాసి, ఒక వేసవిని ఒక వానకాలమును కనిపెట్టవలెను. ముద్ద చెక్కుచెదరకున్నచో బీట పాతది, పూడ్చుకొనవచ్చును. పగిలినచో పునాది యింకను కదలుచున్నది. దానిపై ఎంత ధనము పోసినను నిలువదు. ఇట్టినేలలకై అడుగున ఉబ్బుగల కాంక్రీటు కంబముల పునాదిని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనాసంస్థవారు రూపొందించిరి గాని, అది క్రొత్తగా కట్టుకొనువారికే సుకరము.

మట్టితోను సున్నముతోను కట్టిన పాతగోడలకు సిమెంటు పూయించుట నేడు వేడుకైనది. ఆ గోడలు నేలచెమ్మను పీల్చి గాలిలోనికి విడుచుచుండును. సిమెంటు ఆ దారి మూయగా, చెమ్మ లోపలనే నిలిచి పూత పెచ్చులూడును. సున్నపుపూతయే వానికి తగినది. మేస్త్రీ నవ్వినను పట్టు విడువకుడు.

ఇక కొనుట. పై పరీక్షలు డాబాకును వర్తించును. అంతకు మించినది హక్కు. నూరురూపాయలకు తక్కువకాని స్థిరాస్తి క్రయము రిజిస్టరైన పత్రముతోనే జరుగవలెనని 1882 నాటి ఆస్తిబదిలీచట్టము చెప్పుచున్నది; తెల్లకాగితము చాలదు. రిజిస్ట్రారు కచేరీలో ఈ.సి. తీయించి తనఖాలు చూడవలెను. దస్తావేజులు కుదువబెట్టి తెచ్చిన అప్పు అందు కనబడకపోవచ్చును. కావున అసలు కాగితములనే చూపుమని యడుగవలెను.

పిత్రార్జితమైనచో ఆడబిడ్డలను మఱువరాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1986 నాటి సవరణచట్టమును, దేశమంతటికి 2005 లో వచ్చిన సవరణయు ఉమ్మడికుటుంబపు ఆస్తిలో కుమార్తెకును హక్కు కల్పించినవి. అన్నదమ్ముల సంతకములు మాత్రమే గల పత్రముతో ఇల్లు కొని, పిమ్మట వారి ఆడపడుచు పంపిన నోటీసునకు జవాబు తోచక తిరుగుచున్న సభ్యు నొకని మే మెఱుగుదుము. ఆమె యడిగినది న్యాయమే.

ధరకు తోడు స్టాంపు, రిజిస్ట్రేషను ఖర్చులును, అమ్మిన అరయెకరముపై ఏటేట పోవు ఫలసాయమును లెక్కలో చేర్చవలెను. అప్పుచేసి కొందు మనువారు వాయిదాలు నెలనెల వచ్చునా, పంటపంటకు వచ్చునా యని ముందే తేల్చుకొనవలెను; రైతునకు రొక్కము నెలనెల రాదుగదా. మా యభిప్రాయము దాపరికము లేకుండ చెప్పుదుము: పునాది నిలిచియున్నచో పాతయింటినే బాగుచేయుడు. కదలుచున్నచో ఆ స్థలముననే విప్పి కట్టుకొనుడు. టేకు దూలములు, ద్వారబంధములు తిరిగి పనికివచ్చును. స్థలము పల్లమై ఏటేట నీరు నిలుచుచున్నప్పుడే వేఱొకచోటు వెదకవలెను.

అప్పుడును తొందర వలదు. కొనబోవు ఇంటి పెరటిలో నిలిచి గడ్డివామి యెచట వేయుదుమో, గేదెల నెచట కట్టుదుమో, ధాన్య మెచట ఆరబోయుదుమో ఇంటి ఆడవారిని అడిగిన పిమ్మటనే బయానా యీయవలెను.